మా నాన్న దవడలో చేపల కాపురం

ముందే చెప్పేస్తున్నాను, ఆ గాజుతొట్టె కొన్నది నేనే. మా తమ్ముడు వద్దన్నాడు. మా నాన్న కాగితం మీద రాసి మరీ వద్దన్నాడు. అయినా కొన్నాను. కొన్న మూడోనాడే ఎందుకు కొన్నానా అని ఏడ్చాను కూడా, కాకపోతే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. పైకి అంటే తమ్ముడి ముందు తల దించుకోవాలి. వాడికంటే నేను ఏడేళ్ళు పెద్ద. ఏడేళ్ళ పెద్దరికాన్ని రెండు చేపల కోసం వదులుకుంటానా.

మాది కట్టుడుపళ్ళు చేసే పని. వీధికి అటువైపు డాక్టరమ్మ ఉంటుంది. పళ్ళు పీకేదీ, నోటి కొలతలు తీసేదీ ఆవిడే. మెత్తటి ముద్దని ఒక చిన్న పళ్లెంలో వేసి, నోట్లో అదిమి, అది గట్టిపడ్డాక తీసి మాకు పంపుతుంది. ఆ అచ్చులో మా తమ్ముడు ప్లాస్టరు పోసి దవడబొమ్మ చేస్తాడు. ఆ బొమ్మ మీదే మైనం పెట్టి, పళ్ళు గుచ్చి, సెట్టు తయారుచేస్తాడు. దవడబొమ్మ సరిగా లేకపోతే సెట్టు నోట్లో నిలవదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మా ఇంట్లో జరిగిన గొడవంతా దీనివల్లే.

ముందుగది నాది. పేర్లు రాసుకోవడం, పొట్లాలు కట్టడం, తయారైన పళ్ళకి మెరుగు పెట్టడం నా పని. వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పడం నా పనిలో లేదు, కానీ రోజులో సగం దానికే పోతుంది. వీధిలో నన్ను పళ్ళక్క అంటారు. అయితే మా బల్ల మీద కూర్చునేవాళ్ళు మాట్లాడరు. సగంమందికి మాట్లాడటానికి పళ్ళుండవు, మిగతా సగంమంది కొత్త పళ్ళు ఊడతాయేమోనని నోరు తెరవరు. అందరూ ఎదురుగోడకేసి చూస్తూ కూర్చుంటారు. వాళ్ళకి చూడటానికి ఏదైనా ఉంటే బాగుంటుందని ఒకరోజు నాకు తోచింది. తోచిందే తడవుగా లేచి వెళ్ళాను. నా బుద్ధే అంత.

చేపలాయన దుకాణంలో పెద్ద తొట్టెలూ ఉన్నాయి. చిన్నదైతే చాకిరీ తక్కువ అని నేను చిన్నది ఎంచుకున్నాను.

"మేడమ్, చిన్నదైతేనే కష్టం. నీళ్ళు తొందరగా పాడైపోతాయి," అని చేపలాయన చెప్పబోయాడు.

పెద్దది అంటగట్టాలని చూస్తున్నాడనుకుని నేను వినిపించుకోలేదు. ఒక బకెట్టు నీళ్ళు పోస్తే నిండిపోయే తొట్టె, అందులోకి వేలెడంత బంగారు చేపలు రెండు. సంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

ఇక మా నాన్న సంగతి. మా నాన్న ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్టాండులో అనౌన్సరు. ఊళ్ళో ఎవరికీ ఆయన మొహం తెలియదు, గొంతు తెలుసు. కూరగాయల దుకాణంలో ఆయన "అరకిలో టమాటాలు" అంటే పక్కన నిలబడ్డవాళ్ళు ఉలిక్కిపడి సంచులు చేతిలోకి తీసుకునేవారు. నేను కళ్ళారా చూశాను. చల్లటి నీళ్ళు తాగేవాడు కాదు, గొంతు పాడవుతుందని. అరిచేవాడు కాదు, అదే భయం. మమ్మల్ని తిట్టాల్సి వచ్చినా మైకులో చెప్పినట్టు నింపాదిగా తిట్టేవాడు. అరిచి తిడితే సరిపోయేది, అలా తిడితే ఊరందరి ముందూ తిట్టినట్టుండేది.

ఆయనకి ఒక పట్టుదల ఉండేది. బస్సు ఆలస్యమైతే మిగతావాళ్ళలా "కొద్దిసేపట్లో వచ్చును" అనేవాడు కాదు. డ్రైవర్ల దగ్గరికీ ఫోన్ల దగ్గరికీ తిరిగి, ఎక్కడ ఆగిందో కనుక్కుని, లెక్క వేసి, "పద్దెనిమిది నిమిషములు ఆలస్యముగా వచ్చును" అని చెప్పేవాడు. పద్దెనిమిదంటే పద్దెనిమిదే. "కొద్దిసేపు అంటే ఏంటమ్మాయ్, ఆ కాసేపట్లో మనిషి టీ తాగొచ్చా, కూడదా, అది చెప్పాలి కదా," అనేవాడు.

రిటైరైన నాలుగేళ్ళకి పళ్ళన్నీ పోయాయి. కొడుకే పళ్ళు చేసేవాడు, ఇంక లోటేముంది అనుకున్నాం. లోటు మొదట్లోనే వచ్చింది. డాక్టరమ్మ నోట్లో ముద్ద పెట్టగానే నాన్నకి వాంతి వచ్చినట్టయి, అది గట్టిపడకముందే లాగి పారేశాడు. ఆ సగం సగం అచ్చుతోనే మా తమ్ముడు సెట్టు చేశాడు. పైగా తండ్రి మీద ప్రేమ కొద్దీ పెద్ద పెద్ద తెల్లటి పళ్ళు ఏరి పెట్టాడు. ముప్ఫై ఏళ్ళ కుర్రాడికి పెట్టాల్సిన పళ్ళు. నాన్న నవ్వితే ముందు పళ్ళు వచ్చేవి, ఆ వెనక మనిషి వచ్చేవాడు.

ఆ పళ్ళు పెట్టుకునే నాన్న పాత స్నేహితుడి వీడ్కోలు సభకి వెళ్ళాడు. ఆ స్నేహితుడు కండక్టరు. నాన్నని మాట్లాడమని మైకిచ్చారు. "సోదరులారా" అన్నాడు, బాగానే ఉంది. "ప్రియమిత్రులారా" అన్నాడు, పై సెట్టు ఊడి ఎగిరి మైకుకి తగిలింది. ఆ టక్కుమన్న చప్పుడు నాలుగు స్పీకర్లలోనూ వినబడింది. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. దాచడం ఎందుకు, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నాన్న పళ్ళు తీసి జేబులో వేసుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆయన మూతికి అడ్డంగా తువ్వాలు వచ్చింది. మాట ఆగిపోయింది.

నెల తరవాత బతిమాలి బామాలి మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి తమ్ముడు పట్టుకున్నాం. ఈసారి అచ్చు చక్కగా వచ్చింది. దాంతోపాటు డాక్టరమ్మ చూపుడువేలు మీద చిగుళ్ళ గుర్తులూ వచ్చాయి. ఇంటికొచ్చి నాన్న కాగితం తీసుకుని రాశాడు: "విజ్ఞప్తి. నా నోటి మార్గమున ఇకపై తవ్వకములు నిషిద్ధము. పళ్ళ సర్వీసు శాశ్వతముగా రద్దు చేయబడినది." మా తమ్ముడు ఏం చేస్తాడు పాపం. ఆ అచ్చులో ప్లాస్టరు పోసి, దవడబొమ్మలు రెండూ చేసి, అడుగున పెన్సిలుతో 'నాన్న' అని రాసి, ఎప్పటికైనా పనికొస్తాయని పై అరలో దాచుకున్నాడు.

రెండేళ్ళు ఇంట్లో చీటీలే నడిచాయి. "ఉదయం ఏడు గంటలకు రావలసిన కాఫీ నలభై నిమిషములు ఆలస్యముగా నడుచుచున్నది. అసౌకర్యమునకు అమ్మాయి చింతించవలెను." ఇలాంటివి రోజుకి పది. నేను తొట్టె కొంటానన్న రోజున వచ్చిన చీటీ: "చేపల సర్వీసు ప్రారంభించరాదు. డ్రైవరుకు అనుభవము లేదు." చదివి నవ్వుకునేవాళ్ళం కానీ, ఆ గొంతు వినబడక ఇల్లు బోసిపోయింది. అది మాత్రం ఎవరం పైకి అనేవాళ్ళం కాదు.

చేపలు వచ్చిన మర్నాటికి నీళ్ళు మసకబారాయి. నేను ఊరుకుంటానా. నీళ్ళన్నీ పారబోసి, గులకరాళ్ళు సబ్బుగుడ్డతో తోమి, కొత్త నీళ్ళు పోశాను. రెండో రోజుకి మళ్ళీ మసక. మళ్ళీ తోమాను. మళ్ళీ మసక. నెల తిరిగేసరికి పళ్ళకంటే గులకరాళ్ళకే ఎక్కువ మెరుగు పెట్టాను. బల్ల మీది జనం మాత్రం కదలకుండా తొట్టెకేసే చూసేవారు, లోపల చేపలు ఉన్నాయా లేవా తేల్చుకోవడానికి.

"అక్కా, ఇచ్చెయ్యరాదూ," అన్నాడు తమ్ముడు, మైనం కత్తితో గీస్తూ, తల ఎత్తకుండానే.

"ఎందుకివ్వాలి? ముచ్చటగా ఉంటేనూ."

"ఏదీ, ఎక్కడ?"

"దగ్గరికెళ్ళి చూడు, కనబడుతుంది."

వాడు అలా అన్నాక నాకు పౌరుషం వచ్చింది. తొట్టెని అలంకరించాలని కంకణం కట్టుకున్నాను. చేపలు దూరడానికి గుహ లాంటిది ఉండాలి. దుకాణానికి వెళ్ళి కొనడం దేనికి, మన ఇంట్లో లేనిదా అని అరలకేసి చూశాను. అరల నిండా పాత దవడబొమ్మలే. మిగతావాటికి అక్కడక్కడ పళ్ళున్నాయి, చేపలకి గుచ్చుకుంటాయి. పై అరలో వెనకగా ఒక జత కనబడింది. బోసి దవడలు, నున్నగా, ఒంపు తిరిగి ఎంత బాగున్నాయో. అడుగున చూశానా, లేదు. తీసుకెళ్ళి ఒకదానికొకటి ఆనించి నీళ్ళలో నిలబెట్టాను. పెద్ద చేప వెంటనే పై దవడ కిందకి దూరి, ఇటువైపు నుంచి మొహం బయటపెట్టింది. ఆ రోజు బల్ల మీద కూర్చున్న రిటైరైన నర్సు, పళ్ళు ఊడతాయన్న భయం కూడా మర్చిపోయి పకపక నవ్వింది. నాకు అంతకంటే ఏం కావాలి.

మూడు వారాలు గడిచాయి. అప్పుడొచ్చాడు బస్టాండు మేనేజరు.

ఊరి చివర కొత్త బస్టాండు కట్టారు. అక్కడ మైకులో మనిషి ఉండడట, ముందే రికార్డు చేసిన గొంతు వస్తుందట. "ఎవరెవరివో గొంతులు పెట్టి చూశాం సార్, ఒక్కటీ బస్టాండులా లేదు," అన్నాడు మేనేజరు నాన్న ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని. "నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మీ గొంతు విని ప్లాట్‌ఫారంలు నేర్చుకున్నాను. నెలాఖరుకి రికార్డింగు. మీరు ఊ అంటే చాలు."

నాన్న ఊ అనలేదు. చీటీ రాశాడు: "గొంతు సేవలు నిలిపివేయబడినవి." మేనేజరు ఆ చీటీని మడిచి భద్రంగా జేబులో పెట్టుకుని, వారంలోగా ఆలోచించి చెప్పమని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. తువ్వాలు వెనక పెదాలు కదులుతున్నాయి. శబ్దం రానివ్వకుండా ఏదో చెబుతున్నాడు. గాలిలో చూపుడువేలితో ప్లాట్‌ఫారం నంబర్లు చూపిస్తున్నాడు. ఈయనకి పళ్ళు పెట్టించకపోతే నేను పళ్ళక్కని కాదు అనుకున్నాను. కాఫీ అక్కడ పెట్టి అక్కడే నిలబడి అడిగేశాను.

"నాన్నా, నోట్లో ముద్ద పెట్టకుండా తమ్ముడు పళ్ళు చేసిస్తే పెట్టుకుంటావా?"

నావైపు తిరగకుండానే కాగితం అందుకున్నాడు. తరవాత చీటీ వచ్చింది. "తవ్వకములు లేనిచో, పరిశీలించబడును."

నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి తమ్ముడికి చూపించాను. వాడి మొహం వెలిగిపోయింది. "పాత దవడబొమ్మలు ఉన్నాయి కదా అక్కా. రెండేళ్ళయింది, చిగుళ్ళు కాస్త మారి ఉంటాయి. అయినా ఎలాగోలా సర్దుతాను. ఈసారి చిన్న పళ్ళే పెడతాను," అంటూ స్టూలెక్కి పై అరలో చెయ్యి పెట్టాడు. అటు తడిమాడు, ఇటు తడిమాడు.

"అక్కా, నాన్న దవడ చూశావా?"

"ఆయన మొహానికే ఉంటుంది కదరా," అన్నాను.

అని నవ్వబోతూ తొట్టెకేసి చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మోచేతి దాకా చెయ్యి ముంచి బొమ్మలు బయటికి తీశాను. ప్లాస్టరు నీళ్ళలో నానితే కొంచెం కొంచెంగా కరిగిపోతుందని ఈ ఇంట్లో పుట్టిన పిల్లికి కూడా తెలుసు. నాకు తెలియదా. తెలుసు. అలంకరణ ధ్యాసలో పడి మర్చిపోయాను. చిగుళ్ళ గీతలన్నీ పోయి, రెండు దవడలూ అరిగిన సబ్బుబిళ్ళల్లా ఉన్నాయి. తిప్పి చూస్తే అడుగున పెన్సిలు రాత 'నా' వరకు మిగిలింది. తక్కినది చేపల పాలైంది. ఈ మూడు వారాలూ రోజూ తోమినా నీళ్ళు మరీ పాలలా ఎందుకు ఉంటున్నాయో అప్పుడు బుర్రకెక్కింది.

మా తమ్ముడికి కోపం వస్తే అరవడు. పనిముట్లు సర్దుతాడు. మైనం కత్తులన్నీ పొడవు ప్రకారం పేర్చాడు. మళ్ళీ తీసి పొట్టివాటి నుంచి పేర్చాడు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను.

"ఒరేయ్, ఏదో ఒకటి అనరా. తిట్టు పోనీ."

"ఏమనను అక్కా. ఆయన నోరు తెరిచింది అదొక్కసారి. ఆ ఒక్కటీ చేపలకిచ్చావు."

అంతకంటే తిట్టిపోసినా బాగుండేది. అంతలో మా గలాటా విని నాన్న వెనకగదిలోంచి వచ్చాడు. మూతికి తువ్వాలు, కళ్ళల్లో ఏమైందన్న ప్రశ్న. నేను చేతిలో ఉన్న దవడబొమ్మల్ని ఎక్కడ దాచాలో తెలియక మళ్ళీ నీళ్ళలోనే వేశాను. ఇంకా దాచి ఏం లాభం అనిపించింది.

"నాన్నా, అవి నీ దవడలు. తెలియక నేనే చేపలకి వేశాను. కరిగిపోయాయి. ఇంక పళ్ళు చెయ్యాలంటే నువ్వు మళ్ళీ డాక్టరమ్మ దగ్గర నోరు తెరవాల్సిందే. నన్నేమన్నా పడతాను," అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

నాన్న కళ్ళజోడు సర్దుకుని, తొట్టె ముందు వంగి చూశాడు. పెద్ద చేప తన పాటికి తాను మళ్ళీ పై దవడ కిందకి దూరి, బయటికి వచ్చింది. వీటికి ఒక అలవాటుంది, అడుగున గులకరాళ్ళు నోట్లో వేసుకుని చప్పరించి ఉమ్మేస్తాయి. ఆ చేప సరిగ్గా నాన్న మొహానికి ఎదురుగా వచ్చి నోరు తెరిచి, ఒక తెల్లటి గులకరాయిని ముందుకి ఉమ్మింది. అది వచ్చి గాజుకి టక్కుమని తగిలింది.

తమ్ముడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. ముగ్గురికీ ఒకటే గుర్తొచ్చిందని ముగ్గురికీ తెలుసు. నేను నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటూ ఉంటే, నాన్న భుజాలు ఊగడం మొదలైంది. ముందు ఏడుస్తున్నాడేమో అనుకుని భయపడ్డాను. తువ్వాలు జారి నేల మీద పడింది. బోసినోరు బార్లా తెరిచి, పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు.

"నాకంటే నయమే అమ్మాయ్," అన్నాడు. నోటితోనే అన్నాడు. "దీనికి మైకు లేదు."

పళ్ళు లేక మాట మెత్తగా, అటూ ఇటూ జారుతూ వచ్చింది. అయినా ఆ గొంతు ఆ గొంతే. రెండేళ్ళ తరవాత విన్నాను. నేను అక్కడే చతికిలబడి నవ్వుతూ ఏడ్చాను, ఏడుస్తూ నవ్వాను, తమ్ముడు కత్తులన్నీ కింద పడేశాడు.

మర్నాడు వీధి దాటి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. జరిగింది విని ఆవిడ మొదట తన చూపుడువేలు చూసుకుంది. ఆ పైన ఒక మాట చెప్పింది. పళ్ళు లేని దవడ రెండేళ్ళలో చాలా మారిపోతుందట. పాత బొమ్మ మీద చేసిన సెట్టు ఎంత సర్దినా వదులుగానే ఉండేదట. "ఆ బొమ్మలు కరిగిపోవడమే మంచిదైంది. లేకపోతే రికార్డింగు గదిలో పళ్ళు మళ్ళీ ఎగిరేవి," అంది. నేను తమ్ముడి వైపు తిరిగి చూశాను. చూసిన చూపు ఎలాంటిదో మీరే ఊహించుకోండి. ఈ సంగతి ఇప్పటికి వాడికి యాభైసార్లు గుర్తుచేసి ఉంటాను.

నాన్నకి మనసొప్పింది కానీ గొంతు ఒప్పలేదు. ముద్ద వాసన తగలగానే ఓక్ అన్నాడు. రెండోసారీ అంతే. "ముక్కుతో గాలి పీల్చండి బాబాయిగారూ, దేన్నైనా చూస్తూ ఉండండి, ముద్ద మీదకి ధ్యాస పోనివ్వకండి," అంది డాక్టరమ్మ. ఆ గదిలో చూడటానికి ఏముంది, తెల్లగోడ, ఒక క్యాలెండరు, పిప్పిపన్ను బొమ్మ. పిప్పిపన్ను చూస్తూ మూడోసారి ఓక్ అన్నాడు. నిస్సహాయంగా నావైపు చూశాడు. ఈయన మళ్ళీ తువ్వాలు అందుకుంటాడేమోనని నాకు దడ పుట్టింది.

"ఉండండి, ఇప్పుడే వస్తా," అని బయటికి పరుగు తీశాను.

తొట్టెలో నీళ్ళు సగానికి తీసేసి, రెండు చేతులా ఎత్తుకుని, వీధి మధ్యలో నిలబడ్డాను. ఒక బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఎక్కడిదాకా పళ్ళక్కా, చేపలకి టికెట్టు అక్కర్లేదులే," అన్నాడు. వాడికి సమాధానం చెప్పే తీరిక లేదు. పెద్ద తొట్టె కొని ఉంటే నలుగురు పట్టినా వీధి దాటేది కాదు. అది ఎంత చిన్నదో తలుచుకుని ఇన్నాళ్ళూ తిట్టుకున్నదాన్ని, మొదటిసారి దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది.

డాక్టరమ్మ గదిలో తొట్టె పెట్టడానికి బల్ల లేదు. నాన్న ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. పెద్ద చేప గాజు దగ్గరికి వచ్చి నోరు తెరిచింది, మూసింది. తెరిచింది, మూసింది. నాన్న దాన్నే చూస్తూ నోరు తెరిచాడు. ముద్ద లోపలికి వెళ్ళింది.

"మూడు నిమిషాలు," అంది డాక్టరమ్మ, వేళ్ళు జాగ్రత్తగా వెనక్కి తీసుకుంటూ.

మూడు నిమిషాలంటే ఎంతసేపో ఆ రోజు తెలిసింది. నీళ్ళు తొణికి నా ఒళ్ళంతా తడిసింది. చేతులు లాగుతున్నాయి. నాన్న ముక్కుతో బుస్సుబుస్సుమని గాలి పీలుస్తున్నాడు, కళ్ళు చేప మీదే. ఒక నిమిషం తరవాత ఆయన గొంతు ఒకసారి ఎగిసిపడింది. తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడు చిన్న చేప కూడా వచ్చి పెద్దదాని పక్కన నిలబడి అదే పని మొదలుపెట్టింది, తెరవడం, మూయడం. నాన్న గొంతు సర్దుకుంది. నాకు నవ్వు తన్నుకొస్తోంది, నవ్వితే తొట్టె కదులుతుంది, తొట్టె కదిలితే చేపలు అటు పోతాయి, చేపలు పోతే మా నాన్న గొంతు పోతుంది. పళ్ళు బిగించి కూర్చున్నాను. నా పళ్ళు గట్టివి కాబట్టి సరిపోయింది.

"అయిపోయింది," అంటూ డాక్టరమ్మ అచ్చు బయటికి తీసింది. చిగుళ్ళ గీత ప్రతి ఒక్కటీ అందులో ఉంది. కింది దవడకి మళ్ళీ మూడు నిమిషాలు కూర్చున్నాం.

ఈసారి మా తమ్ముడు తెల్లటి పళ్ళ జోలికి పోలేదు. నాన్న ఉద్యోగంలో ఉన్నప్పటి ఫోటో ఎదురుగా పెట్టుకుని, కాస్త పసుపు తిరిగిన చిన్న పళ్ళు ఏరాడు. ఫోటోలో నాన్న ముందు పన్ను ఒకటి కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. వాడు దాన్ని కూడా అలాగే పక్కకి తిప్పి పెట్టాడు. నోట్లో పెట్టి అద్దం ఇచ్చేసరికి నాన్న ఆ పక్కకి తిరిగిన పన్నుని వేలితో తడిమి చూసుకున్నాడు. "వచ్చావా," అన్నాడు చివరికి, అద్దంలో మనిషితో.

మొదటిరోజు 'స' వచ్చినప్పుడల్లా ఈల వేసింది. బస్సు అంటే రెండు ఈలలు. తమ్ముడు వెనకవైపు కాస్త అరగదీశాడు. కొత్త పళ్ళు అలవాటు కావాలంటే రోజూ పైకి చదవాలి. నాన్న తొట్టె ముందు కుర్చీ వేసుకుని, రెండేళ్ళ చీటీలన్నీ తీయించి, చేపలకి ఒక్కొక్కటే చదివి వినిపించాడు. ఆ కాఫీ ఆలస్యాలన్నీ నేను మళ్ళీ వినాల్సి వచ్చింది. బల్ల మీది జనం పళ్ళు ఊడుతున్నా లెక్కచేయకుండా నవ్వారు. రిటైరైన నర్సు అయితే పనేం లేకపోయినా రోజూ వచ్చి కూర్చునేది, నాన్న ఒక చీటీ చదివితే ఆవిడ ఒకటి చదివేది.

నీళ్ళ సంగతి చూడమని చేపలాయన్ని పిలిపించాను. ఆయన తొట్టెకేసి, లోపలి దవడలకేసి, నాకేసి చూశాడు. నీళ్ళన్నీ ఒకేసారి మార్చకూడదట, పావు వంతే మార్చాలట. గులకరాళ్ళని సబ్బుతో తోమడం విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. బంగారు చేపలు బెత్తెడు, జానెడు పెరుగుతాయనీ, వాటికి ఈ తొట్టె చెప్పుల పెట్టెతో సమానమనీ చెప్పాడు. తన దుకాణం వెనక పెద్ద సిమెంటు తొట్టె ఉందన్నాడు.

నాన్న తనే స్వయంగా వాటిని దిగబెట్టడానికి వచ్చాడు. సిమెంటు తొట్టెలోకి వదిలాక, దుకాణంలో అందరూ వింటూ ఉండగా గొంతు సవరించుకున్నాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. అమ్మాయి తొట్టె నుండి బయలుదేరిన రెండు చేపలు క్షేమముగా గమ్యము చేరినవి. సహకరించిన వారికి కృతజ్ఞతలు." ఒక్క ఈల లేదు, ఒక్క పన్ను కదల్లేదు. మా చిన్న తొట్టెలోకి ఒక నీటినత్తనీ, రెండు నీటిమొక్కల్నీ, గోరంత ఎర్రచేప ఒకదాన్నీ తెచ్చుకున్నాం. అంతే పట్టే తొట్టె అది. అంతే పెడితే నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

రికార్డింగు ఒక పూట పని అన్నారు. మా నాన్న మూడు రోజులు తీసుకున్నాడు. ఆలస్యమయ్యే బస్సుల కోసం "కొద్దిసేపట్లో వచ్చును" అని చదవమని కాగితమిచ్చారట. చదవనన్నాడు. ఒకటి నుంచి అరవై దాకా నిమిషాలన్నీ విడివిడిగా చదివి పెడతాను, ఎన్ని నిమిషాలైతే అన్ని కలుపుకోండి అన్నాడట. మేనేజరు తల పట్టుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు.

కొత్త బస్టాండు తెరిచిన రోజు ముగ్గురం వెళ్ళి స్పీకరు కింద నిలబడ్డాం. జనం, సామాన్లు, ఏడ్చే పిల్లలు. నాన్న మూతికి అడ్డం ఏమీ లేదు కానీ, తువ్వాలు భుజం మీద అలవాటుగా వేసుకున్నాడు. దాని కొసని వేలికి చుట్టుతూ విప్పుతున్నాడు. గంట మోగింది, గొంతు వచ్చింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మూడవ నంబరు ప్లాట్‌ఫారమునకు రావలసిన బస్సు, పదిహేడు నిమిషములు ఆలస్యముగా వచ్చును."

ఎవరూ తల ఎత్తి చూడలేదు. ఎవరిదబ్బా ఈ గొంతు అని ఎవరూ అడగలేదు. మా ముందు బెంచీ మీద ఒక పెద్దావిడ, భర్త చేతిలోని సంచి తీసుకుని కింద పెట్టింది.

"పదిహేడు నిమిషాలుందట. కూర్చోండి, టీ కూడా తాగొచ్చు," అంది.

ఇద్దరూ చెప్పులు విప్పి, కాళ్ళు చాపుకుని, నింపాదిగా వెనక్కి వాలారు. నాన్న వాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. వేలికి చుట్టిన కొస వదిలేశాడు. నాకు మాత్రం కన్నీళ్ళు ఆగలేదు, ముక్కు కూడా కారుతోంది. చేతిలో రుమాలు లేదు. నాన్న భుజం మీది తువ్వాలు తీసి నాకిచ్చాడు.

"ఉంచుకో అమ్మాయ్. నాకింక దీంతో పని లేదు," అన్నాడు.

ఇప్పుడు దాంతోనే తొట్టె అద్దం తుడుస్తున్నాను.